వేప పూత యూరియా సరే.. చల్లే తీరు మారదా?

తిరుత్తణి, పళ్లిపట్టు వైపు నాట్లు ముగిసిన కయ్యల్లో ఇప్పటికీ చాలాచోట్ల కనిపించేది ఒకటే తంతు. మడి నిండా నీళ్లుండగానే బస్తా విప్పి యూరియా చల్లేస్తారు. నాలుగు రోజుల్లో పైరు నల్లబడితే సంతోషం. మళ్లీ పాలిపోతే ఇంకో బస్తా. వేసిందంతా ఎక్కడికి పోతున్నట్టు?

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. మట్టిలో అది ముందు అమ్మోనియంగా మారుతుంది. ఆ రూపంలో ఉన్నంతవరకు నేల దాన్ని పట్టి ఉంచుతుంది. తర్వాత సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. చిక్కంతా ఇక్కడే. నైట్రేటు నేలలో నిలవదు. నీళ్లతో కిందికి దిగిపోతుంది, లేదంటే బురదలో వాయువై ఎగిరిపోతుంది. వరికి వేసిన నత్రజనిలో సాధారణంగా పైరుకు దక్కేది పదింట మూడు, నాలుగు పాళ్లే.

దేశంలో తయారయ్యే యూరియాకంతా వేప నూనె పూయాలని కేంద్రం 2015లో ఆదేశించింది. పూత ఉంటే గింజ కరగదని కొందరనుకుంటారు. అది నిజం కాదు. గింజ కరుగుతుంది. వేపలోని చేదు ఆ సూక్ష్మజీవుల జోరు తగ్గిస్తుంది. నత్రజని ఇంకొన్నాళ్లు నేలలో నిలిచి పైరుకు మెల్లగా అందుతుంది. 2023లో వచ్చిన యూరియా గోల్డ్ తీరు వేరు. దానికి గంధకం పూత. ఆ పూతే గింజను నిదానంగా కరగనిస్తుంది. అందులో నత్రజని 37 శాతం, గంధకం 17 శాతం.

అయితే నిలవ నీటిలో చల్లితే అమ్మోనియా గాలిలో కలవడాన్ని వేప పూత ఆపలేదు. అంటే పూత చేసే మేలు సగం మన చేతుల్లోనే ఉంది. రైతులు కిలోలు కాదు, బస్తాలు లెక్కపెడతారని 2018లో 50 కిలోల బస్తాను 45 కిలోలు చేశారు. ఆ తగ్గించిన దానికి ఇంకో అర బస్తా కలిపి చల్లితే ఏం లాభం? మితిమీరిన నత్రజనికి అగ్గితెగులు, దోమపోటు వస్తాయి. పైరు పడిపోతుంది. కిందికి దిగిన నైట్రేటు చివరికి మన బోరు నీళ్లలోనే తేలుతుంది. పూండి, తామరైపాక్కం బోర్ల నుంచి చెన్నైకి తాగునీరు తోడిన జిల్లా మనది. ఈ సంగతి తేలిగ్గా తీసుకోదగ్గది కాదు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. నీళ్లు తీసేసి బురద పదునులో చల్లాలి. ఒకటి రెండు రోజులాగి నీళ్లు పెట్టాలి. నాటిన 14వ రోజు నుంచి పూత దాకా వారానికోసారి ఆకు రంగుల కార్డుతో పోల్చి చూసి, తెల్ల పొన్నికి 3, మిగతా రకాలకు 4 కంటే రంగు తగ్గితేనే వేయాలి.

తిరూరులో వరి పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం రెండూ ఉన్నాయి. ఆ కార్డును, ఈ నాలుగు మాటలు తెలుగులో అచ్చేసిన కరపత్రాన్ని సొసైటీల్లో బస్తాతో పాటు చేతికిస్తే సరిహద్దు తెలుగు రైతుకు ఎంతో మేలు. సబ్సిడీకి పెట్టే ఖర్చు ముందు ఆ కాగితం ఖర్చు ఏపాటిది? అధికారులు ఆలోచించాలి.