మేస్త్రీకీ ఇంటివాళ్ళకీ మధ్య ఒక కాగితం



తాపీ మేస్త్రీలంతా అడ్వాన్సు పుచ్చుకుని మాయమయ్యే రకమేనని రెండు వారాల కిందట మీ పత్రికలో ఒకాయన తేల్చేశారు. ఆయన కష్టం నాకు తెలియనిది కాదు. కిందటి మాఘమాసంలో ముగ్గు పోసి, మా పాత ఇంటికి వెనకవైపు ఒక పడగ్గదీ స్నానాల గదీ కలుపుకున్నాం. మూడు నెలలన్న పని ఏడు నెలలు పట్టింది. అయినా ఆయన మాటతో ఏకీభవించలేను. మా మేస్త్రీ దొంగ కాదు, మేము ఎగవేతదారులం కాదు. ఇద్దరికీ మధ్య కాగితం లేదు, వచ్చిన చిక్కల్లా అదే.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నవాళ్ళు ఖాళీ స్థలంలో కొత్త ఇల్లు కట్టుకుని ఉంటారు. ఉన్న ఇంట్లోనే కాపురం ఉంటూ గది తగిలించుకున్న వాళ్ళయితే పెళ్ళి ఊసు ఎత్తేవాళ్ళే కారు. వంటగది వెనకగోడ పగలగొట్టాక పదకొండు రోజులు ఆ కంతకు పట్టా కట్టుకుని బతికాం. గ్యాసు పొయ్యి వరండాలోకి వచ్చింది. పప్పు డబ్బా మూత తీస్తే సిమెంటు వాసన. ఒక రాత్రి ఆ పట్టా కిందనుంచి వీధికుక్క దూరి మా అత్తయ్యగారి మంచం పక్కన పడుకుంటే, ఆవిడ మా చిన్నవాడనుకుని "పైకి రారా, నేల చల్లగా ఉంది" అని పిలిచారు.

ఇల్లు కట్టడానికి పల్నాటికి ఏం తక్కువ? సున్నానికి పిడుగురాళ్ళ ఉంది. నాపరాయి, సిమెంటు మాచర్ల, దాచేపల్లి వైపునుంచి వస్తాయి. ఇసుకకు కృష్ణమ్మ ఉంది, 2019లో లాగా ఇసుక దొరక్క పనులన్నీ పడకేసే రోజులు మళ్ళీ రాకుంటే చాలు. ఒక్క నేలే మన మాట వినదు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత నెర్రె విచ్చుతుంది. మా మొదటి తగాదా దాని దగ్గరే. పునాది నాలుగడుగులని నోటిమాటగా అనుకున్నాం. ఎక్కడనుంచి నాలుగడుగులు? మా వెనకదొడ్డి వీధికంటే అడుగున్నర పల్లం. మేస్త్రీ లెక్క వీధి మట్టం నుంచి, మావారి లెక్క దొడ్డి మట్టం నుంచి. ఎవరి లెక్కా అబద్ధం కాదు. గోతి గట్టున నిలబడి ఇద్దరూ గొంతు చించుకుంటుంటే కూలీలు పారలు పక్కన పెట్టి బీడీలు వెలిగించారు. చివరికి గట్టినేల తగిలేదాకా తవ్వించాం, ఆ అదనపు కూలి ఎవరిదన్న తగాదా శ్రావణం దాకా సాగింది.

నీటిపారుదల శాఖలో ఏఈగా చేసి రిటైరైన మా బావగారు సాగర్ కుడికాలువ మీద చాలా ఏళ్ళు పనిచేశారు. ఆయన వచ్చి అంతా విని ఒకే ఒక్క మాట అడిగారు, "ఎం-బుక్ ఏదమ్మా?" అని. మాకు అర్థం కాలేదు. సర్కారు పనిలో కొలతల పుస్తకం ఉంటుందట, దాంట్లో కొలత ఎక్కందే కాంట్రాక్టరుకు పైసా రాదట. ఇందిరమ్మ 1967లో నీళ్ళొదిలిన కాలువలో ప్రతి గజమూ అలా ఏదో ఒక పుస్తకంలోకి ఎక్కిందేనని చెప్పారు. ఆ సాయంత్రం మా చిన్నవాడి లాంగ్ నోటుబుక్కులో రాసిన పేజీలు చింపేసి, మిగిలిన తెల్లకాగితాల మీద మేస్త్రీతో కూర్చున్నాం. ఏ దశకు ఎంత సొమ్ము, సజ్జలు లెక్కలో ఉన్నాయా లేవా, నీళ్ళ ట్యాంకు దిమ్మె ఎవరిది, స్లాబు రోజు భోజనాలూ మామూళ్ళూ ఎవరివి, ఒక్కొక్కటీ రాసుకున్నాం. రెండు గంటలు పట్టింది. అదే ముందు చేసి ఉంటేనా!

స్లాబు ముందురోజు సంగతి వివరంగా చెప్పాలి. బావగారు నిచ్చెనెక్కి పైకెళ్ళి, ఇనుము కట్టినచోట మోకాళ్ళ మీద కూర్చుని ఒక కడ్డీ కింద వేలు దూర్చబోయారు. దూరలేదు. కడ్డీ సెంట్రింగ్ రేకుకు అంటుకుని ఉంది. దాని కింద రెండు సెంటీమీటర్ల కాంక్రీటు లేకపోతే పదేళ్ళకే తుప్పు పట్టి పెచ్చులు ఊడి మంచం మీద పడతాయన్నారు. మేస్త్రీ ముఖం మాడ్చుకుంటాడేమోనని నేను భయపడ్డాను. అతను మాత్రం "ముందే చెప్తే బిళ్ళలు పోసుంచేవాణ్ణి గదండీ" అని, అప్పటికప్పుడు కంకరరాళ్ళు ఏరి కడ్డీల కింద పెట్టబోయాడు. బావగారు ఒప్పుకోలేదు. సిమెంటు బిళ్ళలు పోసి ఆరబెట్టడానికి స్లాబు మూడు రోజులు వెనక్కి పోయింది. పుస్తకంలో అదీ ఎక్కింది.

తర్వాత నీళ్ళు. వైశాఖంలో స్లాబు, అదీ మన ఎండలకు. రెంటచింతల పేరు రాష్ట్రమంతా తెలిసింది ఆ ఎండతోనే కదా! నీళ్ళు కొట్టే పని మేస్త్రీదని నేను, ఇంటివాళ్ళదని మేస్త్రీ అనుకున్నాం. మూడోనాటి మధ్యాహ్నం బట్టలారేద్దామని పైకెళ్తే స్లాబు తెల్లగా ఎండిపోయి కాళ్ళు చురుక్కుమన్నాయి. అప్పుడు వరిమళ్ళలాగా మట్టిగట్లు కట్టి, బోరు నీళ్ళు నిలిపి, పొద్దునా సాయంత్రమూ నేనే చూసుకున్నాను. ఎండలు బాగా ఉన్నచోట ఇలా తడపడం పది రోజులకు తగ్గకూడదని కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 చెబుతుందట. సెంట్రింగ్ వాళ్ళు మాత్రం రేకులు ఆరో రోజే విప్పేస్తామన్నారు. ఆ రేకులు ఇంకో ఇంటికి మాటిచ్చారు మరి. "ఎండకు తొందరగా గట్టిపడుద్దమ్మా" అన్నాడు మేస్త్రీ. ఇప్పుడొచ్చే సిమెంటులో చాలావరకు బూడిద కలిసిందే, నిదానంగా గట్టిపడుతుందని బావగారు పది రోజులు ఉంచమన్నారు. రేకుల అద్దె మేమే కట్టాం. అది న్యాయమే.

తప్పులు మావైపూ ఉన్నాయి, దాచను. లెంటల్ పడ్డాక వాస్తు పెద్దాయన మాట విని ద్వారం తొమ్మిదంగుళాలు జరిపించాం. కట్టిన గోడ కూల్చి మళ్ళీ కట్టాడు మేస్త్రీ. ఆ రోజు కూలి అడిగితే మావారు "ఇంత చిన్నపనికా?" అన్నారు. నాకే సిగ్గేసింది. ఇంటివాళ్ళు మనసు మార్చుకుంటే దానికి వెల కట్టే పేజీ కూడా ఉండాలి. ఆలస్యంలోనూ అంతే. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు కట్టడానికి కుర్రాళ్ళు ఊళ్ళకు పోయారు. ప్రభ కట్టొద్దని ఏ నోటితో అంటాం? ఆ తర్వాత మిరపకోతలు. తట్టలు మోసే ఆడవాళ్ళు అక్కడ కూలి బాగా గిడుతుందని అటు వెళ్ళారు. నరసరావుపేటలో పుట్టి పెరిగి ఈ రెండూ లెక్కేసుకోకుండా మూడు నెలలని గడువు పెట్టుకున్న మాదే తెలివితక్కువ.

ఇంతకూ నేను కోరేది చిన్నదే. సర్కారు ఇచ్చే ఇళ్ళకు బిల్లు ఒక్కసారి రాదు. పునాదికి కొంత, గోడలు లేచాక కొంత, స్లాబుకు కొంత. గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు చూసి ఫొటో తీస్తేనే డబ్బు పడుతుంది. సొంత డబ్బు పెట్టుకునే మనం మాత్రం మేస్త్రీ "వారానికి సర్దండి" అన్నప్పుడల్లా జేబు తడుముకుంటాం. ప్లాను అనుమతితో పాటు సచివాలయంలోనే తెలుగులో ఒక ఒప్పందం కాగితం, దశలవారీ కొలతల పుస్తకం ఇవ్వాలి. పదో ఇరవయ్యో తీసుకోనివ్వండి.

ఇందులోనూ చెయ్యి తడపమంటారని కొందరి భయం. అందుకే వాళ్ళ సంతకం అడగటం లేదు, కాగితం మాత్రమే అడుగుతున్నాను. స్లాబు ముందు ఇనుము చూడటానికి ఎవరుంటారంటారా? పేట నిండా ఇంజినీరింగ్ కాలేజీలే. సివిల్ చివరి సంవత్సరం పిల్లలు ఒక పూట నిచ్చెనెక్కితే వాళ్ళకూ చదువే. మేస్త్రీలు చిన్నబుచ్చుకుంటారని మరో మాట. మా మేస్త్రీకి సంతకం రాదు, వేలిముద్ర వేశాడు. కానీ స్లాబు సొమ్ము మావారు రెండు వారాలు ఆపినప్పుడు ఆ పేజీ తెరిచి చూపించింది అతనే! కూలీలకూ ఇది మేలే. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదుకు ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపించాలన్నది 1996 చట్టం పెట్టిన నియమం. మా పుస్తకంలో హాజరు రాయడం మొదలుపెట్టాక, మాల్ అందించే ఆమె దాన్ని జిరాక్స్ తీయించుకుంది.

పాత గోడకూ కొత్త గోడకూ మధ్య అతుకు దగ్గర తొలి వానలకే చెమ్మ దిగింది. పాత పునాది నలభై ఏళ్ళనాడే సర్దుకుంది, కొత్తది ఇంకా సర్దుకోవాలి. ఆ సందు పూడ్చడం ఎవరి పనో మేము రాసుకోలేదు. దీపావళి వెళ్ళాక వస్తానన్నాడు మేస్త్రీ. ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బరంపేట, నరసరావుపేట, పల్నాడు జిల్లా.