ఓడ దిగి ప్యాసింజర్ ఎక్కితే

గద్వాల్ దగ్గరి ధరూర్ వాళ్లకు సముద్రపు ఓడ కొత్త కావచ్చు గానీ ప్యాసింజర్ బండి కొత్త కాదు. గద్వాల్లో రైలెక్కి, జోగుళాంబ హాల్ట్‌లో దిగి అలంపురం వెళ్లాలనుకున్న మనిషి ముందు ఆరా తీసేది గుడి వేళలు కాదు, తిరుగుబండి ఎన్నింటికని. క్రూయిజ్ ప్రయాణికుడికి కావలసిన తెలివీ అదే. 2022 జూన్‌లో కార్డీలియా వారి క్రూయిజ్ ఓడ ‘ఎంప్రెస్’ విశాఖకు వచ్చింది; మరుసటేడు సెప్టెంబరులో అక్కడ సుమారు రూ.96 కోట్లతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్‌ను ప్రారంభించారు. రేవులో దిగాక ఓడవాళ్ల ప్యాకేజీ బస్సే ఎక్కాలన్న రూలేమీ లేదు. ఇటలీలో చివిటవెక్కియా రేవులో దిగినవాళ్లు లోకల్ రైలెక్కి, గంటా గంటంపావులో రోమ్ చేరి, ఊరు చూసుకుని వస్తారు. విశాఖలో రైలు ముచ్చట అనగానే అందరి నోటా అరకే. సొరంగాలు, లోయలు, బొర్రా గుహలు... అరకు మీదుగా వెళ్లే కిరండూల్ ప్యాసింజర్ దారి అందం నిజంగా అంతా ఇంతా కాదు. కానీ అది ఘాట్ మార్గం, వెళ్లడానికే దాదాపు నాలుగు గంటలు. ఓడ కంపెనీ టూరు బస్సు ఆలస్యమైతే ఓడ మామూలుగా ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాడి కోసం ఆగదు. చేతిలో ఒక్క పగలే ఉంటే విజయనగరం మేలు: దాదాపు 60 కిలోమీటర్లు, హౌరా మెయిన్ లైను, ఒక బండి తప్పినా ఇంకోటి దొరుకుతుంది. చూడ్డానికి 1713 నాటి కోట ఉంది. అరకును మరో సెలవుకు అట్టిపెట్టుకోండి. ఓడ కదలడానికి రెండు గంటల ముందే రేవుకు చేర్చే తిరుగుబండి ఏదో చూసుకున్నాకే టికెట్ కొనండి.