వేసవిలో పెరడును ఎండబెట్టకండి

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనలో ఒక సామెత ఉంది. చేరువలో ఉన్నదాని విలువను మనిషి గుర్తించడని ఎత్తిపొడవడానికి పెద్దలు ఆ మాట పుట్టించారే తప్ప, పెరడును తీసిపారేయడానికి కాదు. కాని వేసవి వచ్చేసరికి మన మధ్యతరగతి గృహాలలో ఆ సామెత అక్షరాలా అమలవుతున్నది. మాఘమాసంలో ముచ్చటపడి పెట్టిన పాదులు చైత్రానికి వాడుముఖం పడతాయి. వైశాఖానికి పెరడు బీడవుతుంది. "ఈ ఎండల్లో ఏం బతుకుతాయి లెండి" అని ఒక మాట అనుకొని, సంచీ పట్టుకొని బజారుకు బయలుదేరుతారు. ఈ ధోరణి సరికాదని నా నిశ్చితాభిప్రాయం. అంతేకాదు, ఎండకు వదిలేసిన పెరడు ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయానికి కూడా కారణం కాగలదు. ఆ సంగతి కింద వివరిస్తాను.

ఋతువు అడిగేది, పెరడు ఇచ్చేది

శిశిర, వసంత, గ్రీష్మ ఋతువులను మన శాస్త్రం ఆదానకాలమన్నది. సూర్యుడు భూమిలోని తేమను, ప్రాణుల బలాన్ని తీసుకొనే కాలమిది. గ్రీష్మంలో ఆ హరణం పరాకాష్ఠకు చేరుతుంది. కనుకనే అష్టాంగహృదయంలోని ఋతుచర్యాధ్యాయం ఈ కాలానికి మధురము, లఘువు, స్నిగ్ధము, శీతము, ద్రవము అయిన ఆహారాన్ని విధించింది. ఉప్పు, పులుపు, కారాలను, అధిక వ్యాయామాన్ని, ఎండను విడువమన్నది. ఇప్పుడు మన పెరటి వైపు చూడండి. సొర, బీర, పొట్ల, దోస, తోటకూర, బచ్చలి - ఇవన్నీ నీరు నిండిన తేలిక కూరలు. శాస్త్రం ఏ ఆహారం కావాలన్నదో ఈ తీగలు దానినే కాస్తున్నాయి. ఈ కాలంలో వీటిని మానుకొని, దాహానికి సీసాల్లోని తీపి పానీయాలను, నీరసానికి అంగట్లోని టానిక్కులను ఆశ్రయించడం ఏమి వివేకమో నాకు అర్థం కాదు.

గురుకులంలో మా గురువుగారు ద్రవ్యగుణ పాఠాన్ని పుస్తకం విప్పి మొదలుపెట్టేవారు కారు. ముందు పాదులకు నీళ్ళు పోయించేవారు. ఏ ఆకు ఏ పొద్దున తలవాల్చిందో చెప్పగలిగిన తరువాతనే పాఠం. రోగి ముఖం చూసి దోషాన్ని గుర్తించే చూపు ఆకును చూడడంతోనే అలవడుతుందని ఆయన విశ్వాసం. ఆ శిక్షణ వైద్యులకే కాదు, గృహస్థులకూ అవసరమని నేను నమ్ముతాను.

వేసవి పెరటి దినచర్య

వేసవి సేద్యం బలంతో చేసేది కాదు, వేళ తెలిసి చేసేది. ఎండలో వ్యాయామం వద్దన్న శాస్త్రాన్ని పాటిస్తూనే ఈ పనులన్నీ చేయవచ్చు. సూర్యోదయానికి ముందొక అరగంట, పొద్దువాలిన తరువాత మరొక అరగంట చాలు.

ఉదయం చేయవలసిన పని నీరు పోయడం. ఆకుల మీద చిలకరించక, పాదులో నిదానంగా ఇంకేటట్లు పోయాలి. అంతకుముందు మట్టిలో వేలు రెండు కణుపుల లోతుకు గుచ్చి చూడండి. లోపల తడి ఉంటే ఆ పూట నీరు అక్కరలేదు. పాదు చుట్టూ ఎండుటాకులుగాని వరిగడ్డిగాని మూడంగుళాల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది, వేళ్ళకు చలువ. ఇంకొక పాత ఉపాయం ఉంది. కాల్చిన మట్టికుండను రెండు తీగల నడుమ మెడవరకు పాతిపెట్టి, నీరు నింపి, మూత పెట్టండి. కుండ ఊరుతూ వేళ్ళకు కావలసినంత తడిని తానే అందిస్తుంది. లేత ఆకుకూరల మడికి మధ్యాహ్నపు ఎండ తగలకుండా కొబ్బరిమట్టలతో పలుచని నీడ కల్పించాలి. తొట్లలో, గాబుల్లో నిలవ ఉన్న నీటిని వారానికొకసారి తప్పక ఖాళీచేసి తోమాలి. లేకుంటే పెరడు దోమలకు పుట్టినిల్లవుతుంది.

సాయంకాలపు పని పువ్వులను చూడడం. సొర, బీర పువ్వులు పొద్దువాలాక విచ్చుకుంటాయి. పువ్వు కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, వట్టి కాడ ఉన్నది మగపువ్వు. ఎండలు ముదిరినప్పుడు మగపువ్వులే ఎక్కువగా పూస్తాయి, దానికి దిగులుపడనక్కరలేదు. పుప్పొడి చేరవేసే పురుగులు పట్టణాల్లో తక్కువ కాబట్టి, మగపువ్వును తెంచి ఆడపువ్వు నడుమ మృదువుగా అద్దండి. పిందెలు పచ్చబడి రాలడం చాలావరకు తగ్గుతుంది. ఈగ కుట్టిన కాయను పాదులో పారవేయక, దూరంగా లోతుగా పాతిపెట్టాలి. ఈనెలు పసుపుపచ్చగా మారిన బెండమొక్కను జాలిపడక పీకివేయాలి. అది తెల్లదోమ ద్వారా తక్కిన మొక్కలకు పాకే తెగులు. పేనుబంకకు ఘాటైన మందులు వద్దు. లీటరు నీటికి యాభై గ్రాముల వేపపప్పు నూరి, రాత్రంతా నానబెట్టి, వడగట్టి, సాయంత్రం చల్లితే సరిపోతుంది. టమాటా పూత ఈ వేడికి రాలిపోతుంది. అది మీ లోపం కాదు, దాని స్వభావం. దానిని చలికాలానికి వదిలిపెట్టండి.

మా పెరడు రెండు సెంట్లకు మించదు. అందులో రెండు సొరతీగలు, రెండు బీర, ఒక పొట్ల, బచ్చలి పందిరి, ఒక తోటకూర మడి, పది బెండమొక్కలు ఉన్నాయి. విత్తిన నెలలోపే తోటకూర కోతకు వచ్చింది. రోహిణికార్తెలో కూడా ఐదుగురున్న ఇంటికి వారంలో నాలుగు రోజులు పెరటి కూరే వండుతున్నారు.

చేదు సొర విషయంలో జాగ్రత్త

ఇక ముఖ్యవిషయం. ఇంట్లో పండింది గనుక ఏమీ చేయదనే నమ్మకం ఈ మధ్య బాగా ప్రబలింది. దానికి తోడు పరగడుపున పచ్చి కూరల రసాలు తాగే మోజు ఒకటి. మూడేళ్ళ కిందట, మండువేసవిలో, మా వీధిలోని ఒక గృహస్థుకు ప్రాణం మీదికి వచ్చింది. వారాల తరబడి నీరు లేక వాడిన పెరటి తీగనుంచి సొరకాయ కోసి, రసం తీసి తాగాడు. చేదుగా ఉన్నదని భార్య వారించినా, "మందన్నాక చేదుగానే ఉంటుంది" అని గ్లాసెడూ ముగించాడు. అరగంటలో వాంతులు, విరేచనాలు, ఆపై వాంతిలో నెత్తురు. నా వద్దకు తీసుకువస్తే నేను ఒక్క మాత్ర కూడా ఇవ్వక, తక్షణం ఆసుపత్రికి పంపించాను. నాలుగు రోజుల చికిత్స తరువాత బతికి బయటపడ్డాడు. 2010లో ఢిల్లీలో చేదు సొరరసం సేవించిన ఒకరికి ఆ అదృష్టం కూడా దక్కలేదు. భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం ఈ విషయాన్ని పరిశీలించి, చేదుగా ఉన్న సొరరసం తాగరాదని హెచ్చరించింది.

మన పూర్వులకు ఇది తెలియనిది కాదు. చరకసంహిత కల్పస్థానంలో ఇక్ష్వాకు అనే పేరుతో చేదు సొరకు ఒక అధ్యాయమే ఉంది. అయితే అక్కడ అది ఆహారం కాదు, వైద్యుని పర్యవేక్షణలో వాడే వమనద్రవ్యం. కాకర చేదు దాని స్వభావం, సొర చేదు దాని వికారం. ఈ భేదం తెలియక చేదంతా ఆరోగ్యమేనని భావించడం ఆయుర్వేదం కాదు.

తీగకు నీటి ఎద్దడి, విపరీతమైన వేడి తగిలినప్పుడు ఈ చేదు పెరగవచ్చు. విత్తనంలోనూ దోషం ఉండవచ్చు. చేదుజాతి పుప్పొడి సోకిన కాయ ఆ ఏడు తియ్యగానే ఉన్నా, దాని గింజ మొలిస్తే వచ్చే తీగ చేదు కాయలు కాయగలదు. కావున చేదు తీగనుంచి విత్తనం తీయకండి. పెంటకుప్పపై తనంతట మొలిచిన సొరను నమ్మకండి. సొర, దోస, బీర ఏదైనా సరే, వండబోయే ముందు చిన్న ముక్క నాలుక కొసతో రుచి చూసి, చేదనిపిస్తే వెంటనే ఉమిసి, కాయ మొత్తం పారవేయండి. ఉడికించినా ఆ చేదు విరగదు. ఉప్పు, నిమ్మరసం, తేనె దానిని కప్పిపుచ్చుతాయేగాని హరించవు. పొరపాటున తిన్నవారికి వాంతులు మొదలైతే ఇంటి చిట్కాలతో కాలం గడపక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

నీరు ఎక్కడిదంటారా?

తాగడానికే నీరు కరవైన రోజుల్లో మొక్కలకు ఎక్కడ తెచ్చేదని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీటిని మురుగుకాలువలోకి వంపక ఒక బకెట్టులో పట్టి చూడండి. సబ్బు కలవని ఆ నీటితో, గడ్డి పరిచిన పాదులు నాలుగు నిక్షేపంగా బతుకుతాయి. అంతకు మించి సాధ్యం కాకపోతే తీగల సంఖ్య తగ్గించుకోండి. పది పాదులు పెట్టి మాడ్చడంకంటె రెండింటిని సక్రమంగా పోషించడం మేలు. అర్ధాకలితో బతికించిన తీగ ఎటువంటి కాయ కాయగలదో పైన చూశారు కదా.

మృగశిరకార్తెలో తొలకరి పడేవరకు ఈ శ్రద్ధ నిలుపుకోండి. తియ్యని కాయ కాసిన తీగపై ఒక్క మంచి కాయను ముదరనిచ్చి విత్తనానికి ఉంచుకోండి. దానికోసం విప్పబోయే ఆడపువ్వును, మగపువ్వును ముందుగానే గుడ్డతో కట్టి, విప్పాక మీ చేతితో అద్ది, మళ్ళీ ముడివేస్తే పరాయి పుప్పొడి సోకదు. ఇంటిల్లిపాదిలో ఎవరో ఒకరు రోజూ ఒక గంట పెరట్లో నిలబడితే చాలు. పిల్లలకు సెలవులే గనుక పొద్దుటి నీళ్ళ పని వారికి అప్పగించండి. ఏ ఆకు వాడిందో, ఏ కాయ చేదెక్కిందో గుర్తించే చూపు వారికి ఈ వయసులోనే అలవడుతుంది.