పనిచోట తెలిసిన మనిషి



ఆదరణ కూడికల్లో మాట్లాడటం మా పరిచర్యలో ఒక భాగం. ఆ కార్యక్రమం ఎలా సాగుతుందో మీ అందరికీ తెలిసిందే. ముందు పాటలు, తరువాత వాక్యపఠనం, కుమారుడో అల్లుడో నిలబడి రెండు మాటలు, సంఘ పెద్దల మాటలు, ఆపైన మా ప్రసంగం, చివరగా భోజనాలు. రెండేళ్ల క్రితం మా సంఘంలో ఒక పెద్దాయన ప్రభువునందు నిద్రించారు. 1971 యుద్ధంలో పాల్గొన్న సైనికుడాయన. సైన్యం నుండి వచ్చాక బస్టాండులో కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన ఏ ఆదివారమూ ఆరాధన తప్పలేదనీ, మందిరం కప్పు వేసినప్పుడు ఇనుము తానే కొనిచ్చారనీ నలభై నిమిషాలపాటు చెప్పాం. బాగానే చెప్పామనుకున్నాం.

భోజనాల దగ్గర ఒకాయన విస్తరి ముందు కూర్చుని ముద్ద ముట్టకుండా కనిపించాడు. ఆయనను ఎన్నడూ చూడలేదు. పలకరిస్తే లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, నేను ఆయన దగ్గర పన్నెండేళ్లు కండక్టరుగా చేశానండి. ఆయన డ్యూటీ రాత్రి పదింటికే అయిపోయేది. అయినా చివరి బస్సు వచ్చేదాకా వెళ్లేవారు కాదు. బస్టాండులో ఆడకూతురు ఒక్కతే దిగితే, వాళ్లవాళ్లు వచ్చి తీసుకెళ్లేదాకా కుర్చీ వేసుకుని అక్కడే కూర్చునేవారు. ఈ మాట మీరు చెబుతారేమోనని చూశానండి" అన్నాడు. ఆ మాట మాకు తెలియదు. తెలుసుకోవాలని ఎవరినీ అడగలేదు కూడా.

ఈ నెల వేరొక దేశపు ఉద్యోగులను గురించి రాయడానికి కారణం ఆ కండక్టరే. పనిచేసిన సంస్థ మూతబడి దాదాపు నలభై ఏళ్లయినా, తమలో ఒకరు చనిపోయారని తెలిస్తే కలిసి పనిచేసినవారు గుర్తుచేసుకునే అలవాటు ఒకటి అమెరికాలోని ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్ పాత ఉద్యోగుల్లో ఉంది. ఇప్పుడు అదే పేరుతో విమానాలు నడుపుతున్న కంపెనీ వేరు. అది 1994లో మొదలైంది. మేము చెప్పేది డెన్వర్ నగరం కేంద్రంగా 1950 జూన్ 1న మోనార్క్, ఛాలెంజర్, అరిజోనా ఎయిర్‌వేస్ అనే మూడు చిన్న కంపెనీలు కలిసి ఏర్పడినదాన్ని గురించి.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా ప్రభుత్వం చిన్న ఊళ్లకు కూడా విమానాలు వెళ్లాలని కొన్ని స్థానిక కంపెనీలకు అనుమతులిచ్చింది. ప్రయాణికుల డబ్బుతో గిట్టుబాటు కాదు గనుక సర్కారు సాయం కూడా చేసేది. వ్యోమింగ్‌లో రివర్టన్, వోర్లాండ్, కొలరాడోలో గన్నిసన్, అలమోసా, నెబ్రాస్కాలో షాడ్రన్ వంటి ఊళ్లు అలా విమానం ముఖం చూశాయి. మన తాలూకా కేంద్రాలకన్నా చిన్న ఊళ్లు కొన్ని. వాటికి తిరిగిన విమానం డీసీ-3. యుద్ధంలో దానినే సైన్యం సీ-47 అనే పేరుతో వాడింది. మనవాళ్లు డకోటా అన్నది ఆ విమానాన్నే. మన ఊళ్లలో దడదడలాడే పాత బండిని "డకోటా బండి" అని వెక్కిరిస్తాం గానీ, ఆ వెక్కిరింత అన్యాయమని మా అభిప్రాయం. 1944 జూన్‌లో నార్మండీ మీద పారాచూట్ సైనికులను దింపింది అదే, 1947 అక్టోబరు 27న మన సైనికులను శ్రీనగర్‌లో దింపిందీ అదే. హైదరాబాదు బేగంపేట నుండి నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయేదాకా, నమ్ముకున్నది కూడా డకోటాలనే.

యుద్ధం తరువాత మిగిలిపోయిన డకోటాలు చవకగా దొరికాయి. యుద్ధం తరువాత మిగిలిన మనుషులు కూడా పని వెతుక్కుంటూ వచ్చారు. రేడియో నడపడం వచ్చినవారు, వాతావరణం చూడటం వచ్చినవారు, బరువులెత్తడం వచ్చినవారు. అలాంటి యువకులు ఎందరో ఈ చిన్న కంపెనీల్లో చేరి, కొన్నేళ్లకు ఏదో ఒక ఊరికి స్టేషన్ మేనేజరు అయ్యారు. మేము ఇక్కడ చెప్పేది వారిలో ఏ ఒక్కరి జీవితచరిత్రా కాదు. ఆ కొలువు ఎలాంటిదో, దాన్ని చేసినవారిని తోటివారు ఏమని తలచుకుంటారో, అంతవరకే.

మేనేజరనగానే గాజు గది, బల్ల, గంట కొడితే వచ్చే బంట్రోతు మన కళ్లముందు కదులుతారు. అక్కడ స్టేషన్ అంతా కలిపి ముగ్గురో నలుగురో ఉండేవారు. టికెట్టు రాసేది ఆయనే. పెట్టెలు తూచి బండిలో పెట్టి విమానం కడుపులోకి ఎక్కించేది ఆయనే. వస్తున్న విమానంతో రేడియోలో మాట్లాడి గాలి వాటం, మబ్బు ఎత్తు చెప్పి, వెంటనే కోటు తొడుక్కుని బయటికి పరుగెత్తి, చేతులతో సైగలు చేస్తూ దాన్ని నిలబెట్టి, చక్రాలకు దిమ్మలు వేసేది కూడా ఆయనే. ఇంజను మళ్లీ తిరిగేటప్పుడు మంటలార్పే సీసా పట్టుకుని పక్కన నిలబడాలి. విమానం లేచిపోయాక లోపలికి వచ్చి, ఎందరు ఎక్కారో, ఎంత బరువు వేశారో తరువాతి ఊరికి టెలిటైపులో పంపాలి. శీతకాలంలో వీటన్నిటికీ ముందు పార తీసుకుని మంచు ఎత్తాలి.

గన్నిసన్ విమానాశ్రయం సముద్రమట్టానికి 7,600 అడుగులకు పైన ఉంది. అంత ఎత్తులో గాలి పలచన. ఎండాకాలం మధ్యాహ్నం ఇంకా పలచనవుతుంది. ఇంజనుకు బలం తగ్గుతుంది, రెక్కకు ఆనిక తగ్గుతుంది. అందువల్ల పొద్దున మోసిన బరువును ఆ విమానం మధ్యాహ్నం మోయలేదు. ఎంత మోయగలదో లెక్కకట్టి, ఎక్కువైతే కొంత సరుకునో, ఒక్కోసారి టికెట్టు కొన్న మనిషినో దింపాలి. దింపవలసిన మనిషి ఆ ఊరివాడే, బహుశా పక్కింటివాడే. పెళ్లికి వెళ్లాలనో, కూతురికి కాన్పు అనో బతిమాలుతుంటాడు. తోటివారు ఇలాంటి మేనేజర్లను తలచుకున్నప్పుడు చెప్పేది లెక్కలో ఆయన నేర్పు గురించి కాదు. ఆ చెడ్డమాట చెప్పడానికి కింది ఉద్యోగిని పంపేవాడు కాదు, తానే వెళ్లి చెప్పేవాడు అంటారు. మేము కూడా మనుషులతో పనిచేసేవాళ్లమే. సంఘంలో ఒకరికి నొప్పి కలిగించే మాట చెప్పవలసి వచ్చినప్పుడు, ఆ మాటను కమిటీ కార్యదర్శి ద్వారా చెప్పించిన సందర్భాలు మాకు గుర్తొస్తున్నాయి.

ఇంకొక బరువు కూడా ఆయన మీద ఉండేది. 1950ల చివరలో విమానాల నియంత్రణ బోర్డు ఒక షరతు పెట్టింది. రోజుకు సగటున ఐదుగురైనా ఎక్కకపోతే ఆ ఊరికి విమానం తీసివేయవచ్చు. ఐదుగురే కదా అనిపిస్తుంది. రెండు మూడు వేల జనాభా ఊరిలో ప్రతిరోజూ ఐదుగురిని చూపించడం ఎంత కష్టమో, బుధవారం ప్రార్థన కూడికకు హాజరు లెక్కపెట్టే ఏ కాపరికైనా వెంటనే అర్థమవుతుంది. కనుక సాయంత్రాలు మేనేజరు వ్యాపారులను కలిసి, క్లబ్బుల్లో మాట్లాడి, విమానం ఎక్కమని అడుగుతూ తిరగాలి. ఊరు ఆయనను ఎరిగింది ఇలా కూడా.

యుద్ధం గురించి మాత్రం ఆయన మాట్లాడడు. ఈ సంగతి ఆ తరం సైనికులను గురించి ఎవరు రాసినా కనబడుతుంది. ఇరవై ఏళ్లు ఒకే బల్ల దగ్గర కాఫీ తాగినవారికి కూడా, ఆయన ఏ దళంలో ఉన్నాడో, ఏ పతకం వచ్చిందో పత్రికలో మరణవార్త చదివేదాకా తెలియదు. అయితే మనిషి దాచుకున్నది ఎక్కడో ఒకచోట పనిలో బయటపడుతుంది కాబోలు. 1964 మార్చి 12న ఫ్రాంటియర్ డీసీ-3 ఒకటి మొంటానాలోని మైల్స్ సిటీలో చెడు వాతావరణంలో దిగబోయి కూలిపోయింది. అందులో ఉన్న ఐదుగురూ మరణించారు. అలాంటి దినాన చిన్న స్టేషన్లో ప్రత్యేకంగా పంపడానికి వేరే మనుషులుండరు. రేడియోలో పిలిచి జవాబు రాక ఎదురుచూసేదీ, తీసుకువెళ్లడానికి వచ్చిన బంధువుల ముందు నిలబడేదీ పొద్దున టికెట్టు అమ్మినవారే. యుద్ధంలో తోటివారిని పోగొట్టుకుని వచ్చిన మనిషికి ఆ నిలబడటం ఎలా ఉంటుందో మేము చెప్పలేం.

1978 అక్టోబరు 24న అధ్యక్షుడు కార్టర్ సంతకంతో అక్కడ విమానయానం మీద ప్రభుత్వ నియంత్రణ తొలగింది. కంపెనీలు తమకు లాభమైన దారులకు వెళ్లిపోవచ్చు. చిన్న ఊళ్ల కోసం ప్రభుత్వం ఒక సహాయ పథకం పెట్టింది గానీ, ఫ్రాంటియర్ వంటి కంపెనీలు జెట్ విమానాలతో పెద్ద నగరాల పోటీలోకి దిగి అనేక చిన్న స్టేషన్లను మూసివేశాయి. టికెట్లు తక్కువ ధరకు దొరికాయని సంతోషించినవారు కోట్లమంది ఉన్నారు, అదీ నిజమే. కానీ పాతికేళ్లు రోజుకు ఐదుగురిని లెక్కపెట్టి నిలబెట్టుకున్న స్టేషన్‌కు తాళం వేసింది కూడా ఆ మేనేజరే. చివరికి 1985లో ఫ్రాంటియర్‌ను పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే కంపెనీ కొన్నది. ఏడాదిలోపే, 1986 ఆగస్టు 24న, విమానాలు ఆగిపోయాయి. నాలుగు రోజులకు దివాలా ప్రకటించారు. వేలాదిమందికి ఒక్కసారిగా కొలువు పోయింది.

కంపెనీ పోతే పాత ఉద్యోగుల పేర్లు రాసి ఉంచేవారెవరు? వారే రాసుకున్నారు. ఏటేటా కలుసుకుంటారు. విమానాలతో పనిచేసినవారు తమలో చనిపోయినవారిని "పడమటికి వెళ్లారు" అంటారు. పొద్దు వాలే దిక్కు గనుక మనకు కూడా ఆ మాట పరాయిగా తోచదు. ఒకరు పడమటికి వెళ్లినప్పుడు మిగిలినవారు చెప్పుకునేవి చిన్న చిన్న సంగతులు. నాకు పని నేర్పింది ఆయనే. మంచు కురిసిన తెల్లవారుజామున నేను వచ్చేసరికే పార చప్పుడు వినబడేది. చిన్నపిల్లలున్న మమ్మల్ని పంపించి క్రిస్మస్ రోజు డ్యూటీ ఆయన చేశాడు. వారు చెప్పుకునేవి ఈ తరహా మాటలే. భార్యాపిల్లలకు ఆ క్రిస్మస్ ఆయన ఇంట్లో లేని క్రిస్మస్‌గా మాత్రమే తెలుసు. ఎందుకు లేడో తోటివారు చెబితే తెలుస్తుంది.

ఇది చదివాక మాకు ఆ కండక్టరు మళ్లీ గుర్తొచ్చాడు. కూడిక నాడు పేరైనా సరిగా అడగలేదు. బస్టాండు టీకొట్టులో విచారిస్తే ఊరు చెప్పారు. ఒక శనివారం పెద్దాయన భార్యను, మా ఇంట్లో ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాం. ఆయన రెండు గంటలు ఆగకుండా మాట్లాడాడు. పుష్కరాల రద్దీలో ఆయన మూడు రాత్రులు నిద్రపోని సంగతి, చిల్లర తక్కువైన కండక్టరుకు తన జేబులోంచి వేసి లెక్క సరిచేయించిన సంగతి. అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటూ కూర్చున్నారు.

బయలుదేరేటప్పుడు ఆమె గడప దగ్గర ఆగి, "యుద్ధం సంగతి నీతో ఏమైనా చెప్పారా బాబూ? నాకైతే ఏనాడూ చెప్పలేదు" అని అడిగారు.

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఒక్కసారేనమ్మా. డిసెంబరులో, చివరి బస్సు కోసం చూస్తున్నప్పుడు. కాశ్మీరులో చలి గురించి చెప్పారు. పక్కన ఉన్న కుర్రాడికి తన దుప్పటి ఇచ్చారట. అంతవరకే చెప్పి, బస్సొచ్చింది, పద అన్నారు."