కారణ మెరుగని మరమ్మతు

విద్యార్థులారా! ఉపకారవేతనపు దరఖాస్తునకు తుదిదినమున మన లినక్సు కంప్యూటరుకు ఇంటర్నెట్టు అందకపోయెను. ఒకడు దానిని ముమ్మారు ఆపి వేసెను. మరియొకడు ప్రక్క యంత్రపు చిరునామానే దీనికిని వ్రాసిపెట్టెను. అంతట రెండును తడబడెను. ఇట్టి తొందరపాటు విద్య కాదని నా దృఢాభిప్రాయము.

యంత్రమునకు చిరునామా తనంతట లభించు ఏర్పాటునకు డి.హెచ్.సి.పి. అని పేరు. 1993లో వెలువడిన ఈ పద్ధతిలో నాలుగు మాటలు నడచును. "చిరునామా నొసగువా రున్నారా?" అని యంత్రము కేక వేయును. "ఇది కలదు" అని సర్వరు పలుకును. "అదియే యిమ్ము" అని యంత్రము కోరును. "ఇచ్చితిని, ఇంత గడువు" అని సర్వరు ముగించును.

కావున లోపమును వరుసగా వెదకవలెను. మొదట తీగను చూడుడు. పిదప 'ఐపి ఎ' అను ఆజ్ఞ నిచ్చి చిరునామాను చూడుడు. అది లేకున్నను, 169.254తో మొదలైనను, సర్వరు నుండి చిరునామా అందలేదన్నమాట. అది సరిగా నున్నచో రూటరును 'పింగ్'తో పిలువుడు. బయటి యంత్రము అంకెలతో పిలిచిన పలికి, పేరుతో పిలిచిన పలుకకున్న, పేర్లను అంకెలుగా మార్చు డి.ఎన్.ఎస్.ను శంకింపుడు.

ఆనాడు తీగ బాగుగనే యుండెను. సర్వరు చేతిలోని చిరునామాలే ఫోనులకు పంచబడి అడుగంటినవి. వాడుకలో లేనివానిని విడిపింపగా దరఖాస్తు సాయంకాలమునకు చేరెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆజ్ఞలు ఆంగ్లమున నున్నవని పిల్లలను బెదరనీయకుడు. కారణమును వెదకు బుద్ధికి మన తెలుగు చాలును.