వేరే వంట ఎందుకు?

సీలియాక్ వ్యాధి ఉన్న బిడ్డకు గోధుమ లేని వంట వేరుగా వండే తీరిక లేదని తల్లులు వాపోతున్నారు. వేరుగా ఎందుకమ్మా? అన్నం, పప్పుచారు, జొన్నరొట్టె, రాగిసంకటి: వీటిలో గ్లూటెన్ లేదు. ఇంటిల్లిపాదీ అవే తినండి. ‘గ్లూటెన్ రహిత’ బిస్కట్లకు వందలు ధారపోయడం అవివేకం. జాగ్రత్త వహించవలసినది వేరేచోట. బొంబాయిరవ్వ గోధుమదే. డబ్బా ఇంగువలో తరచుగా గోధుమపిండి కలిసి ఉంటుంది, లేబుల్ చదవండి. గోధుమలు ఆడిన మరలోనే జొన్నలు ఆడిస్తే ఆ పిండీ పనికిరాదు, కడిగి ఎండబెట్టి ఇంట్లోనే మిక్సీ పట్టుకోండి. ఇక, “ఒక్క ముక్క తింటే ఏమవుతుంది?” అంటూ చాటుగా పూరీ పెట్టే పెద్దలారా! కడుపునొప్పి కనబడకపోయినా, అలా పెట్టే ముక్కలే బిడ్డ చిన్నప్రేగు పొరను దెబ్బతీసి ఎదుగుదలను ఆపుతాయి. దానిని ముద్దు అనకండి.