పారవేసినదీ, దాచుకొన్నదీ

“తొమ్మిదో తరగతి పిల్లలు రెండో తరగతి పిల్లలచేత సైన్సు ప్రయోగాలు చేయించడమేమిటి? ముందు వాళ్ల చదువు వాళ్లకు రానీయండి!” ఈ ఆక్షేపణ విన్నప్పుడల్లా నాకు క్యాంబెల్ దొర గుర్తుకు వస్తాడు.

1816లో తెలుగు వ్యాకరణాన్ని ఆంగ్లంలో వెలువరించిన ఏ.డి. క్యాంబెల్, 1823లో బళ్లారి కలెక్టరుగా ఉండి మన వీధిబడులపై ఒక నివేదిక పంపాడు. అనంతపురం జిల్లా 1882లో గాని ఏర్పడలేదు. కనుక ఆనాటి బళ్లారి జిల్లా అంటే మా బుక్కరాయసముద్రం సీమ కూడాను. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క. అందులో ఒక మెప్పు, ఒక తప్పు ఉన్నాయి. ముందున్న విద్యార్థి వెనుకనున్నవానికి నేర్పుతూ తన చదువునూ గట్టిపరచుకొంటున్నాడన్నది మెప్పు. పిల్లలు పద్యాలను అర్థమెరుగక చిలుకలవలె వల్లిస్తున్నారన్నది తప్పు.

రెండు వందల ఏళ్లు గడిచాయి. ఆయన మెచ్చినదాన్ని పారవేశాము. తప్పుపట్టినదాన్ని భద్రంగా దాచుకొన్నాము. పద్యం స్థానంలో “బాష్పీభవనం” నిర్వచనం వచ్చింది. చిలుక మాత్రం అదే చిలుక!

తెలుగు పండితుణ్ణి గనుక ఆ మాటపై నాకు కోపం లేదు. కాని వస్తువు ముందు, మాట తరువాత. ఒకే కొలత నీటిని ఒక పళ్లెంలోనూ, ఒక మూతి ఇరుకు సీసాలోనూ పోసి ఎండలో పెట్టించండి. పళ్లెం ముందు ఎండుతుంది. ఆ పిల్లలను మా చెరువుకట్ట ఎక్కించి, ఇంత వెడల్పైన పళ్లెం మీద ఈ సీమ ఎండ ఏం చేస్తుందో అడగండి. ఆ తరువాత బాష్పీభవనమని చెప్పండి; ఆ మాటను ఇక మరవరు. పొలంలో శెనక్కాయ మొక్కను పెరికి, వేళ్ల మీది బుడిపెను గోటితో చీల్చమనండి. లోపలి గులాబి రంగు, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవులు పనిలో ఉన్నాయనడానికి గుర్తు. ఇందులో పైసా ఖర్చున్నదా?

ఇది ఉపాధ్యాయుడే చేయరాదా అంటారు. తప్పక చేయాలి. అయినా అయ్యవారిని అడగడానికి జంకే ఏడేళ్ల పిల్ల “అన్నా, ఇదెందుకు?” అని పద్నాలుగేళ్లవాణ్ణి జంకు లేకుండా అడుగుతుంది. వానికి తెలియకపోతే ఇద్దరూ కలిసి వెదుకుతారు. ఇక పెద్దవాని మార్కుల సంగతి: కంఠతా పట్టిన నిర్వచనంతో పరీక్షాధికారిని మెప్పించవచ్చు గాని, ఏడేళ్ల పిల్లను మెప్పించలేము. ఆమెకు చెప్పగలిగినవానికి పాఠం వచ్చినట్లే.

ఇది నా ఊహ కాదు. 1999లో మొదలైన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ మన కుప్పం దగ్గర పల్లెబడుల పిల్లలకే తర్ఫీదిచ్చి, వారిచేతనే ఇతర పిల్లలకు ప్రయోగాలు చేయించి చూపింది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. చెన్నపట్నంలో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, పిల్లలచేత పిల్లలకు నేర్పించే పద్ధతిని గురించి 1797లో పుస్తకం వేశాడు. అది ఇంగ్లండులో వ్యాపించి, ఒక్క ఉపాధ్యాయునితో వందలమందిని చౌకగా నెట్టుకువచ్చే యంత్రంగా మారింది. ఆ పాపం మనకు వద్దు. ఖాళీగా ఉన్న ఉపాధ్యాయుని కుర్చీలో తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి కూర్చోబెట్టడం విజ్ఞానసేవ కాదు, దగా.

కాబట్టి నేను కోరేది స్వల్పం. వారానికొక పీరియడు, బడివేళలోనే, ఉపాధ్యాయుడు పక్కనుండగా. మొదటి ర్యాంకువారే గాక వెనుక బెంచీవారూ, మగపిల్లలతోపాటు ఆడపిల్లలూ నేర్పాలి. అధికారుల రాకకోసం అంగడిలో కొన్న థర్మోకోలు నమూనాలు, ఫొటోలు, ప్రశంసాపత్రాలు అక్కరలేదు. పళ్లెం, సీసా, ఎండ చాలు. మూడవదానికి మా ఊళ్లో ఏనాడూ కరువు లేదు.